పటాలం బండి చప్పుడు

తమిళనాడులో తొప్పూరు కనుమ కింద రాళ్లు కొట్టేవాళ్ల పల్లె ఒకటి ఉండేది. ఆ పల్లెలో కుప్పన్ లారీని అందరూ పటాలం బండి అనేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం వాడి, తర్వాత వేలంలో అమ్మేసిన పెట్రోలు లారీ అది. కుప్పన్ తండ్రి దాన్ని సేలంలో పాడుకున్నాడు. ఎనభైల నాటికి ఆ రోడ్డు మీద తిరిగే లారీలన్నీ డీజిలువే. పెట్రోలు తెగ తాగుతోందని, ముసలిదైపోయిందని ఎంతమంది చెప్పినా కుప్పన్ దాన్ని వదల్లేదు. పల్లెలో ఉలి లేని ఇల్లు లేదు. లారీ ఉన్న ఇల్లు మాత్రం అతనిదొక్కటే. తెలుగు మాట్లాడే తన వాళ్లంతా తరతరాలుగా పరాయివాళ్ల బండ్లకు రాళ్లెత్తినవాళ్లు. తాము కొట్టిన రాయిని తమ బండిలోనే పంపిన మొదటి మనిషి తన తండ్రి. ఈ సంగతి కుప్పన్ నోటితో చెప్పుకునేవాడు కాదు. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆ బండి మొహం తుడిచేటప్పుడు మాత్రం చూసేవాళ్లకు తెలిసిపోయేది.

అతను ఆ బండిని చెవితో నడిపేవాడు. మిట్ట ఎక్కేటప్పుడు గేరు ఎప్పుడు మార్చాలో, ఏ మర వదులైందో, పెట్రోలులో నీళ్లు కలిశాయో లేదో ఇంజను చప్పుడే అతనికి చెప్పేది. కార్బొరేటర్ విప్పి, జెట్లు నోటితో ఊది, మళ్లీ బిగించి, ఒక్క స్క్రూని అటూ ఇటూ కొంచెం తిప్పుతూ కళ్లు మూసుకుని వినేవాడు. ఆ సమయంలో పక్కన ఎవరు మాట్లాడినా విసుక్కునేవాడు.

అట్లాంటి మనిషికి క్వారీలో ప్రమాదం జరిగింది. పేలలేదనుకున్న మందు అతను దగ్గరికి వెళ్లి చూస్తుండగా పేలింది. భుజం మీద, మెడ మీద గాయాలు మానిపోయాయి. చెవులు మానలేదు. కొన్నాళ్లు లోపల ఒకటే హోరు, ఆ తర్వాత హోరు తగ్గి, దాంతోపాటే లోకంలోని చప్పుళ్లూ తగ్గిపోయాయి. కుప్పన్ ఎవరికీ చెప్పలేదు. మాట్లాడేవాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకునేవాడు. నలుగురు నవ్వితే తనూ నవ్వేవాడు. చెవిటి డ్రైవరుకు రాయి ఎవరిస్తారు అన్నది అతని భయం. దానికంటే పెద్దది సిగ్గు.

అతని భార్య పొన్నుత్తాయికి తెలుసు. వెనకనుంచి పిలిస్తే పలకడని కనిపెట్టి, ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి నిలబడి చెప్పేది. ఆమె కూడా ఈ సంగతి బయట పెట్టలేదు, అతనితోనూ అనలేదు.

పొన్నుత్తాయికి పల్లెలో ఒక పేరుంది. పెద్ద రాయి చెక్కే ముందు మేస్త్రీలు ఆమెను పిలిపించేవాళ్లు. చిన్న సుత్తి పట్టుకుని రాయి చుట్టూ తిరుగుతూ అక్కడా ఇక్కడా తట్టి, లోపల బీట ఉందో లేదో చెప్పేది. మంచి రాయి కంచులా పలుకుతుంది. బీట ఉన్న రాయి పచ్చి మట్టికుండలా మొద్దుగా మోగుతుంది. తేడా పెద్దదైతే ఎవరికైనా తెలుస్తుంది. వెంట్రుక మందం బీటను పట్టుకోగలిగింది మాత్రం ఆ పల్లెలో ఆమె ఒక్కతే. ఆ విద్య ఆమెకు తల్లి నేర్పింది.

వానలు ముఖం చాటేసిన ఆ ఏడాది మొరప్పూరు దగ్గర ఒక పల్లెనుంచి ఓబప్ప అనే ఆయన వచ్చాడు. ఆవులు, గొర్రెలు మేపుకునే తెలుగు కుటుంబం వాళ్లది. ఊరంతా కలిసి బోరు వేయించుకున్నారట, నీళ్లు పడ్డాయట. పశువులు తాగడానికి సిమెంటు తొట్టి కడితే ఎండకి పగిలిపోయిందట. ఒకే రాతిలో తొలిచిన తొట్టి కావాలని, ఎన్ని తరాలైనా చెక్కు చెదరనిది కావాలని అడిగాడు. పల్లె పెద్ద ఆంజనేయన్ ఒప్పుకున్నాడు. ఆయన కుప్పన్‌కి చిన్నాన్న వరస. అంత పెద్ద పని ఒకే రాతిలో ఆ పల్లెవాళ్లు అంతకుముందు చేసింది లేదు. పొన్నుత్తాయి గుట్ట మీద ఉన్న బండలన్నీ తట్టి చూసి ఒకదాన్ని ఎంచింది. మగవాళ్లు దాన్ని కింద వరకూ దొర్లించి, ఎండలో పందిరి వేసుకుని తొలిచారు. తొట్టి పూర్తయ్యేసరికి అందులో ఎనిమిది ఆవులు వరసగా మూతులు పెట్టి నీళ్లు తాగేటంత పొడవు వచ్చింది. అంచులు అరచేత్తో రుద్దితే ఎక్కడా గీరుకునేది కాదు. పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి చూసిపోయారు.

దాన్ని మొరప్పూరుకు చేర్చాల్సింది పటాలం బండి. సరిగ్గా అప్పుడే బండి మొరాయించడం మొదలుపెట్టింది.

మొదట పొన్నుత్తాయే గమనించింది. రాళ్లు దించడానికి ఆమె రోజూ ఆ బండిలోనే వెళ్లేది. నిలబెట్టి ఉంచినప్పుడు ఇంజను ఒక తీరుగా తిరగకుండా తడబడుతోంది. ఉండుండి ముందునుంచి తుప్పుమని తుమ్మినట్టు ఒక శబ్దం వస్తోంది. ఒకరోజు అతని ఎదురుగా నిలబడి, "మామా, బండి దగ్గుతా ఉంది" అంది.

కుప్పన్ మొహం ఎర్రబడింది. తన బండి సంగతి తనకు తెలియదా అన్నాడు. అయినా ఆ సాయంత్రం ప్లగ్గులు విప్పి మసి తుడిచాడు, పాయింట్లు సరిచేశాడు, కార్బొరేటర్ విప్పి కడిగాడు. బిగించాక ఇంజను వేసి, ఎప్పట్లా తల వంచి కళ్లు మూసుకున్నాడు. కాసేపయ్యాక లేచి, బాగైపోయిందని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఇంజను ముందెలా ఉందో అలాగే దగ్గుతోంది. పొన్నుత్తాయే వెళ్లి దాన్ని ఆపేసింది.

రెండు రోజుల తర్వాత నల్లంపల్లికి గోడరాళ్లు వేసుకుని బయల్దేరారు. తొప్పూరు కనుమ సగం ఎక్కాక, పెద్ద మలుపు దగ్గర, బండి ఊగిపోయి ఆగిపోయింది. ఆగడమే కాదు, వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కినా పూర్తిగా నిలవడం లేదు. వెనకున్న బస్సు డ్రైవరు హారను మీదనుంచి చెయ్యి తీయకుండా మోగిస్తున్నాడు. కుప్పన్ వెనక్కి తిరిగి చూడలేదు. పొన్నుత్తాయి తలుపు తోసుకుని కిందికి దూకి, బండిలో ఉన్న రాయినే ఒకదాన్ని లాగి వెనక చక్రం కింద పెట్టింది. ఇంకోటి రెండో చక్రం కింద. బండి నిలిచింది. దానికీ బస్సు ముందు భాగానికీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది.

బస్సు డ్రైవరు దిగి వచ్చి నానా మాటలూ అన్నాడు. చెవిటోడివా అని కూడా అన్నాడు. కుప్పన్ అతని పెదవుల వంక చూస్తూ నిలబడ్డాడు. బస్సు పక్కనుంచి వెళ్లిపోయింది. కిటికీల్లోంచి జనం చూస్తూ పోయారు. అప్పుడు అతను రోడ్డు పక్క గట్టు మీద కూలబడ్డాడు.

"నాకు వినబడలేదు పొన్నూ" అన్నాడు. "ఆ బస్సు హారను కూడా వినబడలేదు."

ఆమె అతని ముందు గొంతుక్కూర్చుంది. "నాకు తెలుసు మామా. నాకు వినబడింది గదా. నన్ను అడిగుండాల్సింది."

రాళ్లు అక్కడే దించేసి, బండిని మెల్లగా వెనక్కి జార్చుకుంటూ, మలుపు వెడల్పుగా ఉన్నచోట తిప్పుకుని, ఇంటికి తెచ్చారు.

మర్నాడు ఆంజనేయన్ కబురు పెడితే ధర్మపురినుంచి సుందరరాజన్ అనే మెకానిక్కు వచ్చాడు. నిదానస్తుడు. బండిని చాలాసేపు చూశాడు. తను చేయి తిరిగింది డీజిలు ఇంజన్ల మీదేనని, ఇట్లాంటి కార్బొరేటర్ చిన్నప్పుడు గురువు దగ్గర చూసిందే తప్ప మళ్లీ ముట్టుకోలేదని దాచకుండా చెప్పాడు. అది అరిగిపోయి ఉండొచ్చు, కొత్తది సేలంలో కూడా దొరకదు, డీజిలు ఇంజను మార్చుకుంటే మంచిది, కానీ దానికి నెలలు పడుతుంది అన్నాడు. తను ఇంతకంటే చేయగలిగింది లేదని చెప్పి, కూలి తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

ఓబప్ప దగ్గరనుంచి కూడా మనిషి వచ్చాడు. తొట్టి కోసం వచ్చే సోమవారం వేరే లారీ పంపుతామని, కుప్పన్ శ్రమపడొద్దని కబురు. మంచి మనసుతో పంపిన కబురే. పల్లెవాళ్లు కూడా అదే మేలన్నారు. కుప్పన్ అందరి పెదవులూ చూసి, తల ఊపి, ఇంట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొన్నుత్తాయి లోపలికి వెళ్లి అతని భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"రాయి మనం కొట్టింది. మన బండిలోనే పోవాల. నీ చేతులకేం కాలేదు గదా? నువ్వు అడుగు, నేను విని చెప్తాను."

కుప్పన్ లేచి కూచున్నాడు. తనకు ఇరవై ఏళ్లు పట్టిన విద్య సోమవారంలోగా నీకెట్లా వస్తుంది అని అడిగాడు. రాయి మీద బీట కనిపెట్టడం నీకు నేర్పాలని నేనూ చూశాను, నీకు వచ్చిందా, ఎవరి చెవి వాళ్లది అని ఆమె అంది. అతనికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నలుగురూ నవ్వకముందే అతను నవ్విన నవ్వు అది.

ఇద్దరూ బానెట్ ఎత్తారు. ఇంజను వేశారు. కుప్పన్ ముంజేయి చాపాడు. ఇంజను ఎట్లా మోగుతోందో అట్లాగే తన చేతి మీద తట్టమన్నాడు. పొన్నుత్తాయి రెండు వేళ్లతో తట్టింది. ఇంజను వేగానికి వేళ్లు అందుకోలేకపోయాయి. అతను వేగం తగ్గించాడు. మెల్లగా ఆమె వేళ్లు దారిలో పడ్డాయి. నాలుగు దెబ్బలు గట్టిగా, రెండు మెత్తగా. మళ్లీ నాలుగు గట్టిగా, రెండు మెత్తగా పడ్డాయి. నిజానికి ఆ దెబ్బలు అట్లా వరసగా రావని, మధ్యమధ్యలో కలుస్తాయని అతనికి తెలుసు. అయినా ఇంజనులోని ఆరు సిలిండర్లలో రెండు పనిచేయడం లేదన్నది అర్థమైంది.

ఆమె అతని ఎదురుగా నిలబడి, మాట మాటకూ పెదవులు బాగా కదిలిస్తూ చెప్పింది. "ఆరుమంది వరసగా సమ్మెట వేస్తా ఉంటే, ఇద్దరు ఉత్తుత్తికి ఎత్తి దించినట్టుంది."

ఏ ఇద్దరో తెలుసుకోవడం కష్టం కాదు. కుప్పన్ పొడిగుడ్డ చుట్టిన చేత్తో ప్లగ్గుల తీగలు ఒక్కొక్కటే ఊడదీశాడు. బాగా పనిచేసే సిలిండరు తీగ తీస్తే ఇంజను ఇంకా కుంటుతుంది. పనిచేయనిదాని తీగ తీస్తే తేడా ఉండదు. ముందునుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు తీసినప్పుడల్లా పొన్నుత్తాయి చెయ్యి కిందికి దించి చూపించింది. చివరి రెండింటికీ ఆమె చెయ్యి కదలలేదు. డ్రైవరు కాళ్ల దగ్గరికి దూరి ఉన్న వెనక రెండు సిలిండర్లు దండగ్గా తిరుగుతున్నాయి.

ముందు ప్లగ్గులు వెనక్కి, వెనకవి ముందుకు మార్చాడు. జబ్బు మారలేదు, వెనకే ఉంది. అంటే ప్లగ్గుల తప్పు కాదు. ప్లగ్గులు విప్పి, ఆ కన్నం మీద బొటనవేలు అదిమి పెట్టి, ఆమెను ముందు హ్యాండిల్ తిప్పమన్నాడు. రాళ్లు మోసిన చేతులు ఆమెవి, సునాయాసంగా తిప్పింది. ఆరు కన్నాలూ అతని వేలిని ఒక్కటే బలంతో నెట్టేశాయి. లోపల ఇంజను గట్టిగానే ఉంది. ఆ సంగతి తెలిసినప్పుడు అతను బానెట్ అంచుని చేత్తో నిమిరాడు.

ఇక మిగిలింది గాలి. కార్బొరేటర్ కలిపిన పెట్రోలూ గాలీ కొమ్మలున్న ఒక ఇనుప గొట్టం గుండా సిలిండర్లకు వెళ్తాయి. వెనక రెండింటికీ ఒకే కొమ్మ. అక్కడ ఎక్కడైనా సందు ఉంటే బయటి గాలి దూరి పెట్రోలు పలచబడుతుంది. పలచబడితే ఆ రెండూ సరిగ్గా మండవు. తుమ్ములు వచ్చేది కూడా అందుకే. చోక్ కొంచెం లాగి చూశాడు. పెట్రోలు చిక్కబడగానే ఇంజను కాస్త సర్దుకుందని పొన్నుత్తాయి చెప్పింది. కుప్పన్ ఒక రబ్బరు గొట్టం ముక్క ఆమె చేతికిచ్చాడు. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఆ ఇనుప గొట్టం పొడవునా జరుపుతూ వినమన్నాడు. కాలిన ఇనుము వేడి మొహానికి కొడుతున్నా ఆమె అంగుళం అంగుళం జరుపుకుంటూ పోయింది. వెనక కొమ్మ దగ్గర ఆగింది. చెయ్యెత్తింది. పాము బుసలా ఉస్సుమంటోందని చెప్పింది.

ఆ కొమ్మ ఇంజనుకు అతుక్కునే చోట సందు మూసే గాస్కెట్ కాలి నల్లబడి ఉంది. దొంగ దొరికాడనుకున్నారు. కుప్పన్ ధర్మపురి వెళ్లి సుందరరాజన్ దగ్గర గాస్కెట్ రేకు అడిగి తెచ్చుకుని, ఉలితో కొలతకు కత్తిరించి, బిగించాడు. ఇంజను వేస్తే పొన్నుత్తాయి ముఖం విప్పారింది. ఆరు సమ్మెటలూ సమానంగా పడుతున్నాయి. పల్లెలో అందరికీ చెప్పేశారు. ఆంజనేయన్ వచ్చి కుప్పన్ భుజం తట్టి వెళ్లాడు.

అన్నం తిని వచ్చి, బండిని గుట్ట చుట్టూ ఒకసారి తిప్పారు. ఇంజను బాగా వేడెక్కింది. అప్పుడు మళ్లీ తుప్పుమంది. పొన్నుత్తాయి కుప్పన్ వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూసింది. చూసినంతమాత్రాన దాగలేదు. అతను ఆమె మొహం చదివేసి బండి ఆపాడు.

ఆ పూట ఇద్దరూ పని ముట్టుకోలేదు. సోమవారం ఎల్లుండి. కుప్పన్ కొలిమి దగ్గర కూచుని, ఎవరిదో మొండి ఉలి కాలుస్తూ ఉండిపోయాడు. పొన్నుత్తాయి వచ్చి ఎదురుగా కూచుంది. చల్లగా ఉన్నప్పుడు బండి బాగుంది, వేడెక్కితేనే పాడవుతోంది, ఇది గాస్కెట్ అయితే ఎప్పుడూ ఒకేలా ఉండాలి గదా అంది. కుప్పన్ తిత్తి ఊదడం ఆపేశాడు. పెద్ద బండను చీల్చాలంటే వాళ్ల తాతలు దాని మీద మంట వేసేవాళ్లు. కంటికి కనబడని బీట వేడికి నోరు తెరుస్తుంది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. లేచారు.

ఆ కొమ్మల గొట్టాన్ని మొత్తంగా విప్పి, మసి కడిగి, తాడు కట్టి పందిరి గుంజకు వేలాడదీశారు. పొన్నుత్తాయి తన చిన్న సుత్తి తెచ్చుకుంది. ముందు కొమ్మను తట్టింది. ఖంగుమంది. మధ్య కొమ్మ కూడా అంతే. వెనక కొమ్మను తట్టింది. ఆగి మళ్లీ తట్టింది. అడుగువైపు, కార్బొరేటర్ కూర్చునే చోటికి దగ్గరగా, మూడోసారి తట్టింది.

"ఇది పలకడం లేదు మామా" అంది. "ఇక్కడ బీటుంది."

కుప్పన్‌కి ఎంత చూసినా ఏమీ కనబడలేదు. ఆమె చూపించిన చోట కిరసనాయిలు పూసి, కాసేపు ఉంచి, పొడిగా తుడిచేశాడు. దాని మీద పొడి సున్నం చల్లాడు. చూస్తుండగానే తెల్లటి సున్నం మీద సన్నని తడిగీత ఒకటి తేలింది. బీటలోకి ఇంకిన కిరసనాయిలు సున్నాన్ని తడిపింది. ఆమె వేలు పెట్టిన చోటే మొదలై, కొమ్మ అడుగున వంపు తిరిగి పోయింది. ఆ గీతను కుప్పన్ చాలాసేపు చూశాడు. తర్వాత ఆంజనేయన్‌ను పిలిపించి చూపించాడు. మళ్లీ పక్కింటివాళ్లను పిలిచి చూపించాడు. ఎవరొచ్చినా ముందు సుత్తిని, తర్వాత భార్యను, ఆ తర్వాత గీతను చూపించేవాడు. పొన్నుత్తాయి మొహమాటపడి, ఇంక చాలు ఆపమని సైగ చేసింది.

ఆ ఇనుప గొట్టాన్ని గోనెసంచిలో చుట్టుకుని పొద్దున్నే బస్సెక్కి ధర్మపురి వెళ్లారు. గ్యాసు వెల్డింగు చేసే సదాశివం దాన్ని చూసి, ఇత్తడి పోసి అతకవచ్చు గానీ పోత ఇనుముతో చిక్కుంది అన్నాడు. ఒక్కచోటే మంట పెడితే పక్కన ఇంకో బీట పడుతుంది. మొత్తం ఎర్రగా కాగాలి, తర్వాత నిదానంగా చల్లారాలి. తన దగ్గర అంత నిప్పు లేదు. నిప్పు పని మాకు వదిలెయ్యమన్నాడు కుప్పన్. ఉలులు కాల్చే ఇంట్లో పుట్టినవాడు అతను. షాపు వెనక గుంట తవ్వి బొగ్గు పేర్చాడు. పొన్నుత్తాయి గాలి విసిరింది. ఇనుము రంగు మారుతుంటే కుప్పన్ రెప్ప వేయకుండా చూసి, సరిగ్గా సమయానికి చెయ్యి ఊపాడు. సదాశివం ఇత్తడి పోశాడు. వెంటనే వేడి బూడిదలో పాతిపెట్టి, సాయంత్రం దాకా ముట్టుకోలేదు. సదాశివం కూడా ఆ మధ్యాహ్నం ఇంకో పని పెట్టుకోకుండా వాళ్లతో పాటే కాచుకుని కూచున్నాడు.

బూడిదలోంచి తీశాక పొన్నుత్తాయి దాన్ని తట్టి చూసింది. ఇత్తడి అతికినచోట కొంచెం మెత్తగా మోగినా, లోపలినుంచి పలుకు వచ్చింది. కాలినందువల్ల అంచులు కాస్త ఎగుడుదిగుడయ్యాయి. పల్లెకు వచ్చి, చదునుగా చెక్కిన రాతిపలక మీద సన్న ఇసుక చల్లి, ఇద్దరూ చెరోపక్క పట్టుకుని అంచులు సమమయ్యేదాకా రుద్దారు. కొత్త గాస్కెట్ వేసి బిగించారు. ఇంజను వేసి బాగా కాగేదాకా అట్లాగే ఉంచారు. ఆమె వేళ్లు అతని ముంజేతి మీద తడుతూనే ఉన్నాయి. ఒక్క దెబ్బ కూడా మెత్తగా పడలేదు.

సోమవారం పొద్దున ఓబప్ప వేరే లారీ పంపకముందే ఆంజనేయన్ మనిషిని పంపించాడు. మా బండి వస్తోందని చెప్పమన్నాడు. పల్లెవాళ్లంతా కలిసి దుంగలు పరచి, తొట్టిని దొర్లించి, బండిలోకి ఎక్కించారు. పటాలం బండి స్ప్రింగులు కిర్రుమని కిందికి దిగాయి.

కనుమ ఎక్కేటప్పుడు పొన్నుత్తాయి అతని పక్కనే కూచుని ఎడమ ముంజేతి మీద చెయ్యి వేసి ఉంచింది. ఇంజను బాగా తిరుగుతున్నంతసేపూ వేళ్లు లయగా తట్టాయి. బరువుకు చప్పుడు లావెక్కి గేరు మార్చాల్సి వచ్చినప్పుడు చెయ్యి నొక్కింది. అతను మార్చాడు. వెనకనుంచి హారను వినబడితే భుజం తట్టింది. అతను పక్కకు తప్పుకుని దారిచ్చాడు. అంతకుముందు ఆగిపోయిన పెద్ద మలుపు వచ్చింది. ఇంజను గొంతు బరువెక్కింది. పొన్నుత్తాయి చెయ్యి నొక్కింది. మొదటి గేరులో బండి నడక కంటే నెమ్మదిగా, ఒక్క తుమ్ము కూడా లేకుండా, ఆ మలుపు తిరిగింది. ఇంకో మలుపు తిరిగింది. కనుమ పైకి చేరి ఎదురుగా చదును కనబడినప్పుడు కుప్పన్ స్టీరింగు మీదనుంచి ఒక చెయ్యి తీసి, ఆమె చెయ్యి మీద ఒక్క క్షణం ఉంచాడు.

నల్లంపల్లి దాటారు. ధర్మపురిలో రోడ్డు పక్క నిలబడ్డ సుందరరాజన్ బండి చప్పుడు విని తలెత్తి చూసి, చెయ్యెత్తాడు. మొరప్పూరు దగ్గర ఓబప్ప పల్లెకు చేరేసరికి ఊరు ఊరంతా బోరు దగ్గర నిలబడి ఉంది. గొలుసు కప్పీలు, దుంగలు, ముప్పై మంది చేతులు కలిసి తొట్టిని దించాయి. దాన్ని చూసి ముసలమ్మలు కూడా వంగి అంచులు తడిమారు.

ఆ గడబిడలో ఓబప్ప కుప్పన్ వెనక నిలబడి ఏదో అడిగాడు. కుప్పన్ పలకలేదు. మళ్లీ అడిగాడు. పలకలేదు. చుట్టూ ఉన్నవాళ్లు చూడసాగారు. పొన్నుత్తాయి అతని మోచేయి తాకింది. కుప్పన్ వెనక్కి తిరిగాడు. ఓబప్ప ముఖంలో ఉన్న కోపాన్ని, ఆశ్చర్యాన్ని చూశాడు. ఇంతకుముందైతే ఏదో ధ్యాసలో ఉన్నానని తప్పించుకునేవాడు.

"నాకు చెవులు వినబడవు ఓబప్పా" అన్నాడు. "క్వారీలో పోయినాయి. ఏదన్నా అడగాలంటే నా ఎదురుగా వచ్చి అడుగు."

ఓబప్ప ఎదురుగా వచ్చాడు. గొంతు మార్చి, నెమ్మదిగా, బండి నడవదన్నారే, ఎవరు సరిచేసినారన్నా అని అడిగాడు.

"పానా తిప్పింది నేను. రోగం కనిపెట్టింది నా పెండ్లాము. ఈ తొట్టికి రాయి ఎంచింది కూడా ఆమే."

బోరునుంచి నీళ్లు తొట్టిలోకి పడ్డాయి. మొదట ఒక ఎర్రావు, తర్వాత మంద మొత్తం తోసుకుంటూ వచ్చి మూతులు పెట్టాయి. ఓబప్ప భార్య హొన్నమ్మ పొన్నుత్తాయిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, ముందు ఆమెకు, తర్వాతే మగవాళ్లకు మజ్జిగ పోసింది.

ఆ తర్వాత పటాలం బండి ఇంకా కొన్నేళ్లు తిరిగింది. కుప్పన్‌కి రాయి ఇవ్వడం ఎవరూ మానలేదు. ఆ కనుమ మీద తిరిగే డ్రైవర్లకు సంగతి తెలిసిపోయి, పటాలం బండి వెనకకు వస్తే హారను కొట్టడం మాని, పొన్నుత్తాయికి కనబడేలా పక్కకు వచ్చి చెయ్యి ఊపేవాళ్లు.

ఒకరోజు సుందరరాజన్ దగ్గరనుంచి మనిషి వచ్చాడు. ఎవరిదో పాత పెట్రోలు జీపు షెడ్డుకు వచ్చిందట. ఎంత చూసినా దగ్గు తగ్గడం లేదట. పొన్నుత్తాయమ్మను ఒకసారి పంపగలరా అని అడిగి రమ్మన్నాడట. ఆ కబురు కుప్పన్‌కి చెప్పేటప్పుడు పొన్నుత్తాయి, నన్నే రమ్మన్నారు అన్నమాట మింగేసి, మనల్ని రమ్మన్నారు అని చెప్పింది. కానీ వచ్చిన మనిషి ఎదురుగానే నిలబడి మాట్లాడాడు కాబట్టి కుప్పన్‌కి అసలు మాట ముందే తెలుసు. అతను లేచి, మంచి చొక్కా తొడుక్కుని, పానాల సంచి భుజాన వేసుకున్నాడు.

తొప్పూరులో బస్సెక్కారు. బస్సు నిండా జనం. పానాల సంచి చూసి కండక్టరు, ఏ ఊళ్లో మెకానిక్కు పని అని కుప్పన్‌ను అడిగాడు. కుప్పన్ అతని పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. చెవులు వినబడనివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. అతను తమిళంలో చెప్పిన జవాబు ముందు సీట్లో డ్రైవరు నుంచి వెనక కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్ల దాకా అందరికీ వినబడింది.

"ఈమె ధర్మపురిలో బండి చూసేదానికి పోతా ఉంది. నేను తోడు పోతా ఉన్నాను."

బస్సులో వాళ్లంతా తిరిగి చూశారు. పొన్నుత్తాయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. గొంతు తగ్గించమని మాత్రం అతనికి సైగ చేయలేదు.